నేరపు సొమ్ము జప్తు: కోర్టుకు ఆలస్యంగా వస్తే ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్తి అటాచ్ అయిన కుటుంబం ముందుగా అడిగేది "ఎప్పుడు వదులుతారు?" అని. ఆ ఆస్తి వెనక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు అడిగేది "మా డబ్బు ఎప్పుడొస్తుంది?" అని. రెండింటికీ జవాబు తేదీల్లోనే ఉంటుంది. అధికారులు ఏ కాగితం ఎప్పుడు వేశారు, చట్టం ప్రకారం ఎప్పటిలోగా వేయాలి? నేను ఈ రెండు వైపుల వాళ్లతోనూ కూర్చుని కాగితాలు తిరగేసిన లాయర్‌ని. నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాశాను. ఎక్కువ భాగం మనీ లాండరింగ్ నిరోధక చట్టం, 2002 గురించే. అందరూ పీఎంఎల్‌ఏ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. దీన్ని అమలు చేసేది ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, అంటే ఈడీ.

"ఈడీ ఆస్తులు జప్తు చేసింది" అని పేపర్లో వచ్చింది. ఇక ఆస్తి పోయినట్టేనా?

కాదు. పేపర్లు అటాచ్‌మెంట్‌నీ జప్తునీ ఒకే మాటతో రాసేస్తాయి, అక్కడే జనం కంగారు పడతారు. అటాచ్ చేయడమంటే అమ్మకుండా, మరొకరి పేరు మీదికి మార్చకుండా, తాకట్టు పెట్టకుండా ఆపడం. జప్తు అంటే ఆ ఆస్తి ప్రభుత్వానిది అయిపోవడం. ఆ రెండింటి మధ్య మామూలుగా ఏళ్లు పడుతుంది. తాత్కాలిక అటాచ్‌మెంట్ నడుస్తున్నప్పుడు ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఉండొచ్చు, పొలం చేసుకునేవాళ్లు చేసుకోవచ్చు. సెక్షన్ 5(4) ఆ మాట స్పష్టంగానే చెబుతుంది.

ఏ అడుగుకు ఎంత గడువు?

ఈడీ అధికారి తాత్కాలిక అటాచ్‌మెంట్ ఆర్డర్ ఇస్తారు. అది 180 రోజులకు మించి నిలవదు. ఆ ఆర్డర్ ఇచ్చిన 30 రోజుల్లోపు అధికారి ఢిల్లీలోని అడ్జుడికేటింగ్ అథారిటీ ముందు, అంటే అటాచ్‌మెంట్ నిలవాలో వద్దో తేల్చే సంస్థ ముందు, ఫిర్యాదు వేయాలి. దీన్నే ఓసీ (ఒరిజినల్ కంప్లైంట్) అంటారు. అథారిటీ మీకు నోటీసు ఇచ్చి, ఈ ఆస్తి ఏ ఆదాయంతో కొన్నారో చెప్పమంటుంది. ఆ నోటీసుకు కనీసం 30 రోజుల టైం ఇవ్వాలి. మీ మాట, వాళ్ల మాట విని 180 రోజులు నిండకముందే అటాచ్‌మెంట్‌ను ఖాయం చేయాలి, లేదా వదిలేయాలి.

ఖాయం చేస్తే దర్యాప్తు నడిచేటప్పుడు మరో 365 రోజుల దాకా నిలుస్తుంది. కోర్టులో కేసు వేస్తే ఆ కేసు ముగిసేదాకా నిలుస్తుంది. సోదాల్లో నగదో నగలో పట్టుకున్నా, బ్యాంకు ఖాతా ఫ్రీజ్ చేసినా ఆ అధికారి కూడా 30 రోజుల్లోపే అథారిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

అసలు జప్తు మాత్రం పీఎంఎల్‌ఏ కేసులు విచారించే స్పెషల్ కోర్టు చేతుల్లో ఉంటుంది. విచారణ పూర్తయ్యి, మనీ లాండరింగ్ జరిగిందని తేలాక సెక్షన్ 8(5) కింద ఆర్డర్ ఇస్తారు.

180 రోజులంటే ఆరు నెలలేగా?

కాదు, దీనివల్ల దెబ్బతిన్నవాళ్లున్నారు. ఓ కుటుంబం నా దగ్గరికి వచ్చినప్పుడు ఆర్డర్ కాగితం మీద జనవరి 10 అని ఉంది. "జులై 10తో అయిపోతుంది కదా సార్" అన్నారు. గోడ మీది క్యాలెండర్ దించి టేబుల్ మీద పెట్టి, ఆ పెద్దాయనతోనే పెన్సిల్‌తో లెక్క పెట్టించాను. ఆర్డర్ ఇచ్చిన రోజు వదిలేస్తే జనవరిలో 21, ఫిబ్రవరిలో 28, మార్చిలో 31, ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 30. అక్కడికి 171. ఇంకో తొమ్మిది రోజులు, అంటే జులై 9. లీపు సంవత్సరమైతే జులై 8. ఒక్క రోజు తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ అథారిటీ ఆర్డర్ మీద జులై 10 తేదీ ఉంటే, ఆ ఒక్క రోజే మీ కేసు.

అందుకే నెలల లెక్క వేయకండి, రోజులే లెక్కపెట్టండి. ఆర్డర్ మీకు అందిన తేదీ నుంచి కాదు, ఆర్డర్ మీద ఉన్న తేదీ నుంచి.

మధ్యలో హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ రోజులు కూడా కలుస్తాయా?

కలవవు. స్టే ఉన్నన్ని రోజులూ 180లో నుంచి తీసేస్తారు. స్టే ఎత్తేశాక కూడా గరిష్ఠంగా 30 రోజుల వెసులుబాటు ఉంది. 365 రోజుల లెక్కలోనూ స్టే రోజులు తీసేస్తారు. మనమే కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుని, తర్వాత గడువు దాటిందంటే కుదరదు. స్టే అడిగే ముందే ఈ సంగతి లాయర్‌తో మాట్లాడుకోవాలి.

180 రోజులు దాటిపోయాయి, అథారిటీ ఏ ఆర్డరూ ఇవ్వలేదు. ఆస్తి దానంతటదే వచ్చేస్తుందా?

చట్టం దృష్టిలో వచ్చేసినట్టే. గడువు ముగియగానే తాత్కాలిక ఆర్డర్ పనిచేయడం ఆగిపోతుందని సెక్షన్ 5(3)లో రాసి ఉంది. దాన్ని ఎవరూ కొట్టేయాల్సిన పని లేదు.

కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే అటాచ్‌మెంట్ ఎంట్రీ అలాగే కనబడుతుంది. నిషేధిత ఆస్తుల జాబితాలో సర్వే నంబరు అలాగే ఉంటుంది. బ్యాంకు మేనేజర్ కూడా "పై నుంచి లెటర్ రావాలండి" అనే అంటారు, ఆయన్ని తప్పుపట్టలేం. ఆర్డర్ గడువు ఏ తేదీన ముగిసిందో చెబుతూ ఈడీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. కాపీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకూ బ్యాంకుకూ ఇచ్చి ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేయాలి.

ఇంకో మాట. అటాచ్‌మెంట్ పడిపోతే కేసు పోదు. మనీ లాండరింగ్ కేసు దాని దారిలో అది నడుస్తుంది. రేపు దోషిగా తేలితే అదే ఆస్తి మీదికి మళ్లీ రావచ్చు. గడువు దాటిందని తెలిసిన మర్నాడే ఆస్తి అమ్మేయాలని చూసేవాళ్లుంటారు. నేను వద్దనే చెబుతాను. అమ్మేది నేరపు సొమ్ముతో కొన్నదైతే ఆ అమ్మకమే ఇంకో నేరం కావచ్చు.

ఫిర్యాదు 30 రోజుల్లో వేయాలన్నారు, 41వ రోజున వేశారు. ఇక అటాచ్‌మెంట్ మొత్తం చెల్లనట్టేనా?

నన్ను బాగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇదే. వినేవాళ్లకు నా జవాబు నచ్చదు.

గడువు తప్పిన ప్రతి కాగితమూ చెల్లకుండా పోదు. ముందు ఒకటి చూడాలి. గడువు దాటితే ఏమవుతుందో చట్టమే చెప్పిందా, లేక గడువు మాత్రం చెప్పి ఊరుకుందా? 180 రోజులు దాటితే ఆర్డర్ పోతుందని చట్టమే చెప్పింది. అక్కడ వాదన చిన్నది. 30 రోజుల్లో ఫిర్యాదు వేయాలని మాత్రం చెప్పింది, వేయకపోతే ఏమవుతుందో చెప్పలేదు. అలాంటి చోట కోర్టు వేరే ప్రశ్నలు అడుగుతుంది. ఎందుకు ఆలస్యమైంది? ఎంత? దానివల్ల మీకు పూడ్చలేని నష్టం ఏమైనా జరిగిందా?

దీనికి దగ్గరి ఉదాహరణ మన సుప్రీంకోర్టులోనే ఉంది. పోలీసులు ఆస్తి సీజ్ చేస్తే ఆ సంగతి మెజిస్ట్రేట్‌కు వెంటనే తెలియజేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 102(3) చెప్పేది. ఫ్రీజ్ చేసిన బ్యాంకు ఖాతాల గురించి ఆలస్యంగా చెప్పారు కాబట్టి ఫ్రీజ్ చెల్లదని ఓ కేసులో వాదించారు. 2024 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆలస్యమైనంత మాత్రాన సీజ్ చెల్లకుండా పోదంది. అయితే ఆ ఆలస్యానికి అధికారి సంజాయిషీ ఇవ్వాలి, అది సరిగా లేకపోతే ఆయన మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు అని కూడా చెప్పింది.

ఇంగ్లండ్‌లోనూ ఇదే గొడవ చాలా ఏళ్లు నడిచింది. అక్కడి జప్తు పద్ధతి మనకంటే వేరు. దోషిగా తేలాక క్రౌన్ కోర్టు జప్తు విచారణ మొదలుపెడుతుంది. వాయిదా వేసినా, ప్రత్యేక పరిస్థితులు లేకపోతే, దోషిగా తేలిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ముగించాలని 2002 నాటి వాళ్ల చట్టం చెబుతుంది. అంతకుముందు చట్టంలో ఆ గడువు 6 నెలలే. ఆ 6 నెలలు దాటిన కేసు 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా, అంటే అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు దాకా, వెళ్లింది. గడువు తప్పితే జప్తు అధికారమే పోవాలని పార్లమెంటు అనుకుందా అని జడ్జీలు ఆలోచించి, అలా అనుకోలేదని తేల్చారు. కొత్త చట్టంలోనైతే, వాయిదా పద్ధతిలో పొరపాటు జరిగినంత మాత్రాన జప్తు ఆర్డర్ కొట్టేయకూడదని రాసే పెట్టారు. అయినా 2016 డిసెంబర్‌లో మళ్లీ ఒక కేసు అక్కడి సుప్రీంకోర్టుకు వచ్చింది. జప్తు విషయం తేలకముందే జడ్జి కొన్ని వస్తువులు స్వాధీనం చేసుకునే ఆర్డర్లు ఇచ్చేశారు, అది చట్టం వద్దన్న పని. పైగా ప్రాసిక్యూషన్ బాగా ఆలస్యం చేసింది. అప్పీలు కోర్టు జప్తు కొట్టేసింది, సుప్రీంకోర్టు ఆ జప్తును తిరిగి నిలబెట్టింది. ఆలస్యం వల్ల ముద్దాయికి సరిదిద్దలేని అన్యాయం జరిగిందని చూపిస్తే మాత్రం కోర్టు జప్తు చేయకూడదని గట్టిగా చెప్పింది.

కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పేది ఇది. "పదకొండు రోజులు ఆలస్యం" అని మాత్రమే రాస్తే చాలదు. ఆ పదకొండు రోజుల్లో మీకేమైందో రాయండి. కూతురి పెళ్లికి అమ్ముదామనుకున్న స్థలం అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చిందా? వ్యాపారం ఖాతా ఆగి జీతాలు ఇవ్వలేకపోయారా? ఆ కాలంలో మీ ఆదాయం చూపించే రికార్డు ఏదైనా పోయిందా? రుజువుతో సహా చెప్పగలిగితే ఆలస్యానికి బరువొస్తుంది. లేకపోతే అది కోర్టు దృష్టిలో పొరపాటుగానే మిగిలిపోతుంది. 30 రోజుల గడువును అధికారులు తేలిగ్గా తీసుకోవడం నాకు నచ్చదు, దాన్ని కోర్టులో అడగడం మానను. కానీ దాని మీద ఒక్కదాని మీదే కుటుంబం ఆశలు పెట్టుకునేలా చేయను.

365 రోజులు దాటినా మా మీద కోర్టులో కేసే వేయలేదు. ఇప్పుడు?

ఇది గట్టి పాయింట్. ఈ గడువు 2018లో 90 రోజులుగా వచ్చింది, 2019లో 365 చేశారు. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, 365 రోజులు గడిచినా ఆ వ్యక్తికి సంబంధించి కోర్టులో ఏ ప్రొసీడింగూ లేకపోతే, పట్టుకున్న వస్తువులూ కాగితాలూ తిరిగి ఇచ్చేయాల్సిందేనని చెప్పింది.

అయితే ముందు ఒకటి చూసుకోండి. స్పెషల్ కోర్టులో కేసు అసలే లేదా, లేక కేసు ఉండి అందులో మీ పేరు లేదా? చట్టంలో ఉన్న మాట "ఈ చట్టం కింద ఏ నేరానికైనా సంబంధించిన కేసు కోర్టులో పెండింగ్‌లో ఉంటే" అనే అర్థంలో ఉంటుంది. వేరేవాళ్ల మీద వేసిన కేసులో మీ ఆస్తి వివరం ఉంటే ఈడీ దాన్నే చూపిస్తుంది.

జప్తు చేయమని కోర్టును అడగడానికి ఈడీకి చివరి తేదీ ఏదైనా ఉందా?

లేదు. మన దగ్గర అసలు ఆలస్యం ఇక్కడే జరుగుతుంది. మొదటి 180 రోజులకు, తర్వాతి 365 రోజులకు ఎంత గట్టి లెక్క ఉందో, కేసు కోర్టులో పడ్డాక అంత వదులు. విచారణ ఎన్నేళ్లు సాగితే అన్నేళ్లూ అటాచ్‌మెంట్ సాగుతుంది. వాయిదా మీద వాయిదా పడుతుంటే ఇంటికి తాళం, గోడలకు చెట్లు. యంత్రాలు తుప్పు పడతాయి, కారు టైర్లు నేలకు అతుక్కుపోతాయి. రేపు గెలిచినవాళ్లకు దక్కేది ఆ శిథిలమే, అది నిందితుడైనా బాధితుడైనా.

నిందితుడు చనిపోయాడు, లేదా దేశం వదిలి పారిపోయాడు. ఆస్తి సంగతి?

మనిషి లేకపోయినా ఆస్తి మీద విచారణ ఆగదు. సెక్షన్ 8(7) కింద అధికారి గానీ, ఆ ఆస్తి తనదనేవాళ్లు గానీ స్పెషల్ కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారసులు ఇది తెలియక "మా నాన్న పోయారు కదా, కేసూ పోయింది" అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దు. ముందుగా మీరే దరఖాస్తు పెడితే మీ మాట మొదటి నుంచీ రికార్డులో ఉంటుంది.

పారిపోయినవాళ్ల మీద 2018లో వచ్చిన పరారీ ఆర్థిక నేరగాళ్ల చట్టం కూడా ఉంది. 100 కోట్లు, ఆ పైన ఉన్న కేసులకే అది వర్తిస్తుంది.

అసలు కేసే కొట్టేశారు. ఈడీ ఆస్తి వదలాలా?

2022 జులై 27న సుప్రీంకోర్టు ఇచ్చిన పెద్ద తీర్పులో ఈ జవాబు ఉంది. మూల నేరం, అంటే మోసమో లంచమో, దాన్ని కోర్టు కొట్టేసినా నిర్దోషిగా తేల్చినా ఆ వ్యక్తి మీద మనీ లాండరింగ్ కేసు నిలవదు. ఆ తీర్పు కాపీతో స్పెషల్ కోర్టుకు వెళ్లి విడుదల అడగాలి. దానంతటదే జరుగుతుందని ఎదురుచూడకండి.

ఇది ఈడీ కేసు కాదు, మామూలు పోలీసు కేసు. అక్కడ ఏ రూలు?

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 107 కొత్తది. నేరం వల్ల వచ్చిన ఆస్తి అనుకుంటే దర్యాప్తు అధికారి, ఎస్పీ లేదా కమిషనర్ అనుమతి తీసుకుని కోర్టుకు దరఖాస్తు పెట్టాలి. కోర్టు నోటీసు ఇస్తే 14 రోజుల్లో జవాబు చెప్పాలి. ఆ 14 రోజులు ఎంత త్వరగా అయిపోతాయో ఊహించుకోండి. పాత సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు వెతికి తీసేసరికే వారం పోతుంది.

పోలీసులు ఎన్నాళ్లలోపు ఈ దరఖాస్తు పెట్టాలో సెక్షన్‌లో లేదు. నేరపు సొమ్మేనని తేలాక మాత్రం జిల్లా కలెక్టర్, మెజిస్ట్రేట్ హోదాలో, 60 రోజుల్లో ఆ డబ్బును బాధితులకు వాటాల ప్రకారం పంచాలని ఉంది. మిగిలితేనే ప్రభుత్వానికి. బాధితులకు పంచడమే ముందు, ఖజానా తర్వాత అని పెట్టడం నాకు చాలా నచ్చింది.

మేం డిపాజిట్ కట్టి మోసపోయినవాళ్లం. వాళ్లూ వాళ్లూ గడువుల గొడవ పడుతుంటే మా గతేంటి?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం మీరే. అధికారి ఒక గడువు తప్పితే ఆర్డర్ పడిపోయేది నిందితుడి ఆస్తి మీద, కానీ చెయ్యి జారేది మీ డబ్బు. అందుకే గడువు తప్పిందన్న ప్రతి వార్తనూ నిందితుడి గెలుపుగా మాత్రమే చదవలేను.

జప్తు అయ్యేదాకా ఆగాల్సిన పని లేదు. 2018 సవరణ తర్వాత సెక్షన్ 8(8) కింద, విచారణ నడుస్తుండగానే అటాచ్ అయిన ఆస్తిని నిజమైన హక్కుదారులకు ఇచ్చే అధికారం స్పెషల్ కోర్టుకు వచ్చింది. కోర్టు పేపర్లో ప్రకటన వేయించి క్లెయిములు పిలవొచ్చు. మీకు ఎంత నష్టమైందో అంకెల్లో చూపించాలి, మంచి నమ్మకంతోనే కట్టారని, తగిన జాగ్రత్త తీసుకున్నారని చూపించాలి.

అగ్రిగోల్డ్ వ్యవహారమే చూడండి. లక్షల మంది డిపాజిటర్లు. ఈడీ 2020 డిసెంబర్‌లో సుమారు 4,109 కోట్ల రూపాయల ఆస్తులు అటాచ్ చేసింది. అటాచ్ అయిన ఆస్తులను డిపాజిటర్ల కోసం తిరిగి ఇచ్చే పని 2025లో గానీ కదల్లేదు. ఈలోగా బాండు కాగితాలు చెదలు పట్టినవాళ్లున్నారు, కట్టిన మనిషే లేకుండా పోయిన ఇళ్లున్నాయి. కాబట్టి బాండు, రసీదులు, ఏజెంటు సంతకం పెట్టిన పాస్‌బుక్ ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి. డిపాజిటర్ చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్ ఇప్పుడే తీయించుకోండి. ప్రకటన వచ్చాక తిరిగితే ఆలస్యం మీ వైపు నుంచే అవుతుంది.

నేను ఏమీ తెలియకుండా ఆ ప్లాటు కొన్నాను. నా మాట ఎవరు వింటారు?

అడ్జుడికేటింగ్ అథారిటీ వినాలి. అథారిటీ నోటీసు రానివాళ్లు ఆస్తి తమదంటే వాళ్లకూ అవకాశం ఇవ్వాలని సెక్షన్ 8(2)లోనే ఉంది. డబ్బు బ్యాంకు ద్వారా కట్టారా, మార్కెట్ ధరకే కొన్నారా, కొనేముందు ఈసీ తీశారా అన్నవే అడుగుతారు. సగం నగదు ఇచ్చి ఉంటే ఇబ్బందే, ముందే లాయర్‌కు చెప్పేయండి.

అప్పీలు మేమే ఆలస్యం చేశాం. తలుపులు మూసుకున్నట్టేనా?

అథారిటీ ఆర్డర్ మీద అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు 45 రోజుల్లో వెళ్లాలి. దాటితే సరైన కారణం చూపించి అడగొచ్చు, ట్రిబ్యునల్ మన్నించవచ్చు. అక్కడి నుంచి హైకోర్టుకు 60 రోజులు. సరైన కారణం ఉంటే మరో 60 రోజులు, అంతకుమించి లేదు. ఆసుపత్రిలో ఉన్నామని చెబితే సరిపోదు, డిశ్చార్జి సమ్మరీ జత చేయాలి.

లాయర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి?

అటాచ్‌మెంట్ ఆర్డర్ పూర్తి కాపీ, అందులో ఆస్తుల షెడ్యూలుతో సహా. అథారిటీ నోటీసు, ఓసీ నంబరు. ఇవాళ్టి తేదీతో తీసిన ఈసీ. ఆస్తి కొన్న సంవత్సరంలో మీ ఆదాయం చూపించే కాగితాలు. ఇంకా, ఆర్డర్ వచ్చిన పోస్టు కవరు. అందరూ లోపలి కాగితం తీసుకుని కవరు చింపి పారేస్తారు. 45 రోజుల లెక్క ఆర్డర్ కాపీ మీకు అందిన తేదీ నుంచి మొదలవుతుంది, ఆ తేదీని చూపించే ముద్ర ఆ కవరు మీదే ఉంటుంది.